కూలి అనే మాట: దేశాంతర శ్రామిక చరిత్ర రచనకు ఒక పరీక్ష

తెలుగులో 'కూలి' అన్నది మొదట మనిషి పేరు కాదు. మనిషి చేసిన పనికి ముట్టే ప్రతిఫలం పేరు. కూలి చేసేవాడు కూలివాడు. పొద్దు గూకే వేళ కళ్లంలో కొలిచి పోసేది కూలి. పనికీ ఫలానికీ మధ్య ఉండవలసిన న్యాయం ఆ మాటలోనే ఇమిడి ఉన్నది. ఆ మాట రేవులు దాటి ఇంగ్లీషులో ప్రవేశించేసరికి ప్రతిఫలం మాయమై మనిషి మాత్రం మిగిలినాడు. దానికి మూలం దక్షిణదేశపు 'కూలి' అని కొందరు శబ్దవేత్తలు, పశ్చిమతీరపు 'కోలీ' జాతినామమని మరికొందరు చెబుతారు. ఆ వివాదం ఎట్లా తేలినా, 19వ శతాబ్దంలో పోర్టు లూయీ, డర్బన్, రంగూను రేవులలో తెల్లదొరల నోట అది ఒక జాతికి, ఒక వర్ణానికి, ఒక హీనస్థితికి పేరైనది. తర్వాత అదే అర్థంతో తెలుగుదేశానికి తిరిగివచ్చి పత్రికలలో, నవలలలో, గేయాలలో స్థిరపడినది. ఈనాడు తెలుగు రచయిత 'కూలీలు' అని వ్రాసినప్పుడు తన పొలాన పుట్టిన మాటను వాడుతున్నాడా, ఓడలో వెళ్లి మారిపోయి వచ్చిన మాటను వాడుతున్నాడా అన్నది ఆలోచించదగిన ప్రశ్న.

దేశదేశాల శ్రామికుల చరిత్రను ఒక్కచోట చేర్చి చూడాలనే శాస్త్రానికి కూడా మూలప్రశ్న ఇదే. ఒక దేశంలో పుట్టిన మాటలు, 'వర్గం', 'కార్మికుడు', 'సమ్మె', 'స్వేచ్ఛ', మరొక దేశపు మనిషి మీద కప్పినప్పుడు ఆ మనిషి కనబడతాడా, మరుగున పడతాడా? గడచిన వంద సంవత్సరాలకు పైగా సాగిన ఈ రచనావ్యాసంగాన్ని ఈ ఒక్క ప్రశ్నతో పరీక్షిస్తే దాని బలమూ బలహీనతా రెండూ తేటపడతాయి.

ఈ చరిత్ర తొలిదశలో మనుష్యుల చరిత్ర కాదు, సంస్థల చరిత్ర. 1894లో సిడ్నీ వెబ్, బియాట్రిస్ వెబ్ దంపతులు ప్రకటించిన ఇంగ్లండు కార్మిక సంఘాల చరిత్ర దానికి ఆదిగ్రంథం వంటిది. అందులో పరిశ్రమ అపారం, ప్రమాణనిష్ఠ ప్రశంసనీయం. అయితే సంఘంలో సభ్యుడు కానివాడికి, చందా కట్టలేనివాడికి, తీర్మానం వ్రాయడం రానివాడికి అందులో చోటు బహు స్వల్పం. 1935లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో పోస్టుమస్ స్థాపించిన అంతర్జాతీయ సామాజిక చరిత్ర సంస్థ ఈ వ్యాసంగానికి గొప్ప అండ అయినది. ఐరోపాలో నియంతల పాలన ప్రబలి ఉద్యమాల కాగితాలు తగులబడిపోతున్న కాలంలో మార్క్స్, ఎంగెల్సుల వ్రాతప్రతులను సైతం సంపాదించి దాచిన ఘనత ఆ సంస్థది. కాని కాగితం దాచగలిగినవాడే చరిత్రకెక్కుతాడన్న నియమం అప్పటికింకా చెక్కుచెదరలేదు.

ఆ నియమాన్ని కదిలించిన గ్రంథం 1963లో వెలువడిన ఇ. పి. థాంప్సన్ రచన, 'ఇంగ్లీషు శ్రామికవర్గ నిర్మాణం'. థాంప్సన్ విశ్వవిద్యాలయ గోపురంలో కూర్చుండి వ్రాసినవారు కారు. లీడ్స్ విశ్వవిద్యాలయం పక్షాన యార్క్‌షైరు పట్టణాలలో వయోజనులకు సాహిత్యమూ చరిత్రా బోధిస్తూ ఈ గ్రంథానికి సామగ్రి కూర్చుకొన్నారు. అంతకు ముందు, 1955లో, కవీ కళాకారుడూ అయిన విలియం మోరిస్ జీవితాన్ని వ్రాసి ఉన్నారు. ఈ సాహిత్య సంస్కారం ఆయన చరిత్ర రచనలో అడుగడుగునా కనబడుతుంది. భజన మందిరాల పాటలు, అనామకంగా పంపిన బెదిరింపు ఉత్తరాలు, వేగులవాళ్ల నివేదికలు, మగ్గం పనివాళ్ల విన్నపాలు మొదలైనవాటిని ఆయన కావ్యం చదివినట్లు చదివారు. ఏ మాట ఎవరి నోట, ఎవరిని ఉద్దేశించి, ఎందుకు వచ్చినదని అడిగారు. వర్గం అనేది లెక్కలో తేలే వస్తువు కాదని, మనుష్యుల మధ్య కాలక్రమంలో జరిగే సంబంధమని ఆయన ప్రతిపాదన. 1780 నుంచి 1832 వరకు సాగిన ఆ కథలో యంత్రం శ్రామికవర్గాన్ని సృష్టించలేదు. శ్రామికులు తమ నిర్మాణంలో తామే భాగస్వాములు.

ఆ గ్రంథం ప్రభావం ఇంగ్లండు ఎల్లలు దాటినది. ఇంగ్లండులో ఓడిపోయిన ఆశయాలు ఆసియా, ఆఫ్రికా ఖండాలలో ఇంకా నెగ్గవచ్చునన్న సూచన థాంప్సన్ పీఠికలోనే ఉన్నది. భారతదేశంతో ఆయనకు పితృపరంపరాగతమైన బంధమూ ఉన్నది. తండ్రి ఎడ్వర్డ్ థాంప్సన్ బంగాళాదేశంలోని బాంకురాలో అధ్యాపకత్వం చేసి, రవీంద్రుని గురించి గ్రంథాలు వ్రాసినవారు. కుమారుడు తన చివరి రోజులలో తండ్రికీ రవీంద్రునికీ ఉన్న మైత్రిని, అందులోని అపార్థాలను కూడా, విమర్శించి ఒక పుస్తకమే వ్రాశారు. అది 1993లో వెలువడినది. అయినా 1963 నాటి మహాగ్రంథంలో ఒక లోటు ఉన్నది. లాంకషైరు మరలలో వడికిన దూది ఎక్కడిది? అమెరికా దక్షిణ రాష్ట్రాలలో బానిసలు ఏరిన దూది అది. ఆ వడికిన నూలు ఎవరి మగ్గాలను పడగొట్టినది? కోరమండల తీరపు నేతగాళ్ల మగ్గాలు కూడా అందులో ఉన్నవి. ఐర్లండు నుంచి వచ్చిన కూలీలకు గ్రంథంలో స్థానం దొరికినది గాని, ఆ దూదిని ఏరినవారికీ ఆ నూలుతో చెడినవారికీ ఆ 'నిర్మాణం'లో పాత్ర లేదు. ఒక దేశపు శ్రామికవర్గం ఆ దేశంలోనే తయారైనదన్న భావన ఆ పేరులోనే దాగి ఉన్నది.

ఈ లోటును పూరించే దృష్టి అంతకు ముందే అట్లాంటిక్ సముద్రానికి ఆవల పుట్టి ఉండడం గమనించదగినది. 1935లో డబ్ల్యూ. ఇ. బి. డుబాయిస్ అమెరికా అంతర్యుద్ధాన్ని వివరిస్తూ, తోటలు విడిచి ఉత్తరసేనల వైపు నడచిన నీగ్రో బానిసల ప్రస్థానాన్ని సార్వత్రిక సమ్మెగా వర్ణించారు. 1938లో ట్రినిడాడు ద్వీపవాసి సి. ఎల్. ఆర్. జేమ్స్ హైతీ బానిసల విప్లవాన్ని ఫ్రెంచి విప్లవంతో ముడివేసి వ్రాశారు. బానిసను శ్రామికుడుగా చూచిన ఈ రెండు గ్రంథాలు వెలువడి పాతికేళ్లు గడచిన తర్వాత గాని థాంప్సన్ గ్రంథం రాలేదు. కనుక శ్రామిక చరిత్ర ఐరోపాలో పుట్టి ఇతర ఖండాలకు దయతో పంపబడినదన్న అభిప్రాయం చారిత్రకంగా నిలువదు. విశాలదృష్టి ఓడ అడుగున ప్రయాణం చేసినవారి సంతతికే ముందుగా అబ్బినది.

భారతదేశంలో ఈ చర్చ రెండు ముఖ్య గ్రంథాల మధ్య పదునెక్కినది. 1989లో దీపేశ్ చక్రవర్తి కలకత్తా జనపనార మిల్లు కార్మికులను గురించి వ్రాసిన గ్రంథంలో మొట్టమొదట కార్మికుల దుస్థితిని కాక, దుస్థితిని తెలిపే కాగితాల దుస్థితిని విచారించారు. మార్క్స్ ఇంగ్లండు ఫ్యాక్టరీల నరకాన్ని వర్ణించగలిగినాడంటే అక్కడి తనిఖీ అధికారుల నివేదికలు ఆయనకు దొరికినవి. హుగ్లీ ఒడ్డున అటువంటి కాగితాలు ఎందుకు పుట్టలేదు? మనిషిని పనిలో పెట్టడం, తీసివేయడం, దండించడం సర్దారు చేతిలో ఉన్నప్పుడు దొరకు చిట్టా అవసరం లేదు. కాగితం లేకపోవడం కేవలం నష్టం కాదు, అదే సాక్ష్యం. ఇది అపూర్వమైన చూపు. శ్రామికుల మనస్సును రూపొందించినది కూలి ఒక్కటే కాదని, కులమూ మతమూ పెద్దరికమూ కూడా అని, సంఘాలలో సైతం బాబుకూ కూలీకీ మధ్య పాత దూరం తొలగలేదని ఆయన వాదించారు.

1994లో రాజనారాయణ చందావర్కర్ బొంబాయి మిల్లులను గురించిన గ్రంథంలో వేరొక దారి తొక్కారు. కార్మికుడు పల్లెతో బంధం తెంచుకోకపోవడం పాతవాసన కాదని ఆయన నిరూపించారు. నేడు పని ఉండి రేపు ఊడిపోయే నగరంలో, జబ్బు చేస్తే ఆదుకొనే దిక్కులేని చోట, ఊళ్లోని చెలకా అన్నదమ్ములూ అతనికి ఆధారం. పల్లె బంధం పారిశ్రామిక జీవితానికి ముందరి శేషం కాదు. ఆ జీవితమే దాన్ని అవసరం చేసినది. మేస్త్రీ అధికారం కూడా మిల్లు గోడల మధ్య పుట్టినది కాదు. వాడకట్టులోని అప్పులూ అద్దె గదులూ అంగళ్లూ దానికి ప్రాణం.

ఈ రెంటిలో ఏది గొప్పదన్న తీర్పు కంటే, ఏది ఎక్కడ చాలదన్న విచారణ ప్రయోజనకరం. చక్రవర్తి గ్రంథం మౌనాన్ని చదవడం నేర్పినది. కాని సంస్కృతి అనే మాటకు అంత బలం ఇచ్చినప్పుడు ఇంగ్లీషు కార్మికుడు తన చరిత్రను తాను నిర్మించుకొనేవాడు, బిహారు కార్మికుడు తన సంస్కృతికి బందీ అనే భ్రమకు తావు ఏర్పడుతుంది. చందావర్కర్ గ్రంథం ఆ భ్రమను తొలగించినది; కాని ప్రతి నిర్ణయానికీ జీవనోపాయపు లెక్క చెప్పగలిగినప్పుడు భయం, భక్తి, అవమానం అనే వాటికి లెక్కలో గడి దొరకదు. మొదటిదానిలో ఉన్న మనస్సుకు రెండవదానిలోని బజారు, రెండవదానిలోని బజారుకు మొదటిదానిలోని మనస్సు కావాలి. రెండింటినీ ఒక పాత్రలో నిలపడం చరిత్రకారుని కంటే నవలాకారునికి బాగా తెలిసిన విద్య.

2008లో డచ్చి పండితుడు మార్సెల్ వాన్ డెర్ లిండెన్ ప్రకటించిన 'ప్రపంచ శ్రామికులు' అనే వ్యాససంపుటం ఈ వ్యాసంగాన్ని బాహాటంగా ఎల్లలు దాటించినది. దేశాన్ని సహజమైన కొలబద్దగా తీసుకోవడమూ, ఐరోపా అనుభవాన్ని ప్రమాణంగా పెట్టుకోవడమూ రెండూ దోషాలేనని ఆయన వాదం. స్వేచ్ఛగా కూలికి వెళ్లేవాడే నిజమైన శ్రామికుడన్న పాత నిర్వచనాన్ని ఆయన త్రోసిపుచ్చారు. బానిస, ఒప్పంద కూలి, పాలికాపు, ఇంటిపట్టున చేతిపని చేసేవాడు అందరూ ఒకే విశాల వర్గంలోనివారే. ఇది న్యాయమైన విస్తరణ. అయితే సంత పెద్దదైనకొద్దీ ముఖం గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఐదు ఖండాలను ఒక పట్టికలో పెట్టగలిగిన శాస్త్రం ఒక పాలేరు మాటను వినగలదా?

ఆ పరీక్షకు తెలుగువారి వలస కథ తగిన ఒరగల్లు. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరి నేటాలు రాజ్యంలోని డర్బన్ చేరినది. అది మొదలు 1911 వరకు ఆ చెరకు దేశానికి ఒప్పందం మీద వెళ్లినవారు 1,52,184 మంది. వారిలో అధికభాగం మద్రాసు రేవున ఎక్కిన తమిళులూ తెలుగువారూ. ప్రతి ఓడకూ ఒక జాబితా: సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, ఊరు. 1991లో సురేంద్ర భానా ఆ జాబితాలనే ఆధారంగా చేసుకొని గ్రంథం వ్రాశారు. అంతకుముందు 1983లో ఫిజీ ద్వీపవాసి, తానే ఒప్పంద కూలి మనుమడు అయిన బ్రిజ్ లాల్, కలకత్తా రేవు నుంచి ఫిజీకి వెళ్లిన 45,439 మంది అనుమతి పత్రాలను లెక్కకట్టారు. వలసవాళ్లంతా మోసపోయిన అమాయకులన్న అభిప్రాయాన్నీ, అందరూ అట్టడుగు కులాలవారేనన్న అభిప్రాయాన్నీ ఆ లెక్క సరిదిద్దినది. 1974లో హ్యూ టింకర్ ఈ పద్ధతిని కొత్తరకం బానిసత్వమని నిరూపించిన గ్రంథానికి ఇది ఖండన కాదు, అవసరమైన పూరణ. బాధితుడన్న మాటలో మనిషి నిర్ణయం లుప్తమవుతుంది. వలసకారుడన్న మాటలో బాధ లుప్తమవుతుంది. రెండు గ్రంథాలనూ పక్కపక్కన చదవవలసిన కారణం ఇదే.

కాని 1903 తర్వాత మద్రాసు నుంచి ఫిజీకి వెళ్లినవారు ఆ లెక్కలో లేరు. నేటాలు జాబితాలలో ఉన్న తెలుగు పేర్లు ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినబడినట్లు వ్రాసినవి. అప్పలస్వామి ఎవరో, అప్పన్న ఎవరో ఆ అక్షరక్రమం నుంచి విడదీయాలంటే సింహాచలం అప్పన్న ఎవరో తెలిసి ఉండాలి. పేరు చూడగానే విశాఖ మండలపు వాసన పట్టగలిగినవానికి ఆ జాబితా కాగితం కాదు, ఊరేగింపు. అట్టి పరిజ్ఞానం లేని పరిశోధకునికి అక్కడ దొరికేది సంఖ్య మాత్రమే. దేశాంతర చరిత్ర అన్నంత మాత్రాన భాషాంతర చరిత్ర అవదు. చాలా సందర్భాలలో అనేక దేశాల కాగితాలను ఒకే భాషలో చదవడం మాత్రమే అవుతుంది.

బర్మా కథ ఇంకా చిక్కైనది. అక్కడ తెలుగువానికి 'కోరంగి' అని పేరు. కాకినాడ చేరువనున్న పాత రేవు పేరే ఒక జాతి పేరయినది. రంగూను రేవులో మూటలు మోసినవారిలో తెలుగువారే అత్యధికులు. వారిని కూర్చి, అడ్వాన్సు ఇచ్చి, కూలిలో తన వంతు మినహాయించుకొన్నవాడు మేస్త్రీ; ఆ మాట పోర్చుగీసువారి నుంచి వచ్చి తెలుగులో స్థిరపడి మళ్లీ బర్మాకు వెళ్లినది. 1930 మే నెలలో ఆ రేవు కూలీలు కూలి పెంపు కోరుతూ సమ్మె చేశారు. యజమానులు వారి స్థానంలో బర్మీయులను పనిలో పెట్టారు. రాజీ కుదిరి పాతవారిని తిరిగి తీసుకొన్నప్పుడు, రోజుల క్రితమే పిలిచి పని ఇచ్చిన బర్మీయులను పొమ్మన్నారు. ఆ రేవులో చెలరేగిన కొట్లాట నగరమంతా వ్యాపించి ఘోరహత్యాకాండగా పరిణమించినది.

ఈ సంఘటనను బర్మా జాతీయ చరిత్రకారుడు పరదేశి వలస మీద ప్రజాగ్రహంగా వ్రాయవచ్చు. భారత జాతీయ చరిత్రకారుడు ప్రవాస భారతీయుల దుర్దశగా వ్రాయవచ్చు. కార్మికోద్యమ చరిత్రకారుడు నెగ్గిన సమ్మెగా ఒక వాక్యంతో దాటిపోవచ్చు. మూడూ అబద్ధాలు కావు. ఏ ఒక్కటీ సత్యం కాదు. రెండు ఆకలులు ఒకే మూట కోసం పోరాడిన ఆ ఘడియను రెండు భాషలలోనూ వినగలిగినప్పుడే దేశాంతర శ్రామిక చరిత్ర అన్న పేరు సార్థకమవుతుంది. 2001లో అడపా సత్యనారాయణ దక్షిణభారత శ్రామిక సముదాయాల ఆగ్నేయాసియా వలసను గురించి ప్రకటించిన పరిశోధన ఈ దిశలో విలువైన అడుగు. వలసపోయినవారిని ఒట్టి సంఖ్యగా కాక, కులమూ ప్రాంతమూ గల సముదాయాలుగా అది చూపుతుంది.

ఇక తెలుగు సాహిత్యం ఈ విషయంలో ఏమి చేసినదన్నది తప్పించుకోరాని ప్రశ్న. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' వెలువడినది. ఇంగ్లీషు చరిత్రకారులు సంఘాల తీర్మానాలను పరిశీలిస్తున్న కాలంలో, ఒక తెలుగు నవల మాలవాడలోని ఒక కుటుంబాన్ని నాయకస్థానంలో నిలిపి, వ్యవసాయ కూలీల కూలి తగాదాకు కథలో చోటిచ్చి, ఆ మనుష్యులను వారి మాటలతోనే మాట్లాడించినది. సర్కారు దాన్ని నిషేధించడం దాని సత్యానికి ఒక యోగ్యతాపత్రం. ఆ తర్వాత 1950లో సంపుటంగా వచ్చిన శ్రీశ్రీ 'మహాప్రస్థానం' శ్రామికుణ్ని తెలుగు కవిత్వానికి కేంద్రం చేసినది. ఆ కావ్యం చేసిన మేలు అనన్యం. కాని దాని వెనుక వచ్చిన గేయాలలో శ్రామికుడు ఉత్తరోత్తరా ఒక ప్రతిమ అయినాడు: పేరు లేదు, ఊరు లేదు, ఆలుబిడ్డలు లేరు, పిడికిలి మాత్రం ఉన్నది. చరిత్రకారుని 'వర్గం' పట్టికలో మనిషి మాయమైనట్లే, అనుకర్తల గేయంలోనూ మాయమైనాడు. ఈ రెండు దోషాలూ వేరు కావు.

ఇంకొక లోటు స్త్రీల విషయం. 1999లో సమితా సేన్ బెంగాలు జనపనార మిల్లుల స్త్రీలను గురించి వ్రాసేవరకు ఆ పరిశ్రమ చరిత్రలో మగవాడే కార్మికుడు. పల్లెలో ఉండి పొలమూ పిల్లలనూ నిలబెట్టిన భార్య శ్రమ లేకపోతే నగరంలో అంత తక్కువ కూలికి మగవాడు బ్రతకలేడన్న సత్యాన్ని ఆ గ్రంథం స్పష్టం చేసినది.

ఈ మార్గంలో తెలుగు ముందే ఒక అడుగు వేసి ఉన్నది. 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రకటించిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణా సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల నోటిమాటల సంకలనం. నాయకుల జ్ఞాపకాలలో ఆశ్రయమిచ్చినవారుగా, అన్నం పెట్టినవారుగా మాత్రమే కనిపించిన స్త్రీలు ఇందులో తాము ఆశించినది, చేసినది, పోరాటం విరమించిన తర్వాత తమను ఇంటికి పొమ్మన్నప్పుడు పడిన మనోవేదన, అన్నీ తమ మాండలికంలోనే చెప్పుకొన్నారు. 1989లో అది ఇంగ్లీషులోకి వెళ్లినది. సాధారణంగా సిద్ధాంతం ఇంగ్లీషులో పుట్టి తెలుగులోకి దిగుమతి అవుతుంది. ఇక్కడ తెలుగులో వినబడిన గొంతు దేశాంతర చరిత్రకు ఎగుమతి అయినది. చెప్పినవారి భాషలో మొదట అచ్చు కావడం, చెప్పినవారి పేరు చెప్పిన మాటకు ముందుండడం, జయాన్నే కాక నిరాశను కూడా దాచకపోవడం, ఈ మూడూ ఆ గ్రంథానికి బలం. పై గ్రంథాలన్నిటికీ ఇవే కొలబద్దలుగా పనికివస్తాయి.

దేశదేశాల శ్రామిక చరిత్ర ఈనాడు పెద్దశాస్త్రం. బానిసనూ కూలివాణ్నీ ఒకే చూపుతో చూడగల విశాలత్వాన్ని అది సంపాదించుకొన్నది. దానికి ఇంకా కావలసినది చెవి. ఆ చెవి భాష తెలిసినవాని దగ్గర ఉన్నది. ముంబై తెలుగువాడలలో, నేటాలు చెరకు తోటలలో స్థిరపడినవారి మనుమల ఇళ్లలో, రంగూను నుంచి 1942లో కాలినడకన తిరిగివచ్చినవారి సంతతి గల కోస్తా ఊళ్లలో ఇంకా మాటలూ పాటలూ ఉత్తరాలూ ఉన్నవి. వాటిని సేకరించడం చరిత్రకారుని పని, అర్థం చెప్పడం భాషావేత్త పని, ప్రాణం పోయడం రచయిత పని అని విభజించుకోవడం సులభం. థాంప్సన్ గ్రంథమూ, 'మాలపల్లి'యీ, హైదరాబాదు స్త్రీల సంకలనమూ ఆ విభజనను అంగీకరించకపోవడం వల్లనే నిలిచినవి.

ఓడ ఎక్కినప్పుడు 'కూలి' అనే మాట నుంచి ప్రతిఫలం జారిపోయినది. ఆ ఓడల చరిత్ర వ్రాసేవారు ఆ ప్రతిఫలాన్ని తిరిగి ఆ మాటలో చేర్చగలిగితే, ఆ మనిషికి రావలసిన కూలి కనీసం చరిత్రలోనైనా ముట్టినట్లవుతుంది.